ఒకటి గొప్పా, అయిదు గొప్పా?

"రేపు పొద్దున్నే అందరూ రండి, వెయిటేజీ తేలుద్దాం!" అని యజమానురాలి మేనకోడలు లాండ్రీ ఆఫీసు గుమ్మంలో నిలబడి గొంతు చించుకుంది. సరిగ్గా అదే క్షణాన మడత మావయ్య చేతిలోని ఇస్త్రీ పెట్టె బుస్సుమంది. ఆ బుస్సులో వెయిటేజీ తోక కాస్తా ఆవిరైపోయింది. మావయ్య చెవిదాకా వచ్చింది మాత్రం "వెయిట్ తేలుద్దాం" అన్న ముక్కే.

"విన్నావా చెల్లీ, రేపు మనందర్నీ తూకం వేస్తారట!" అన్నాడు పక్కన కౌంటరులో కూర్చున్న, అందరూ చెల్లి అని పిలిచే అమ్మాయితో.

"తూకమా? మనల్నా? ఎందుకు మావయ్యా?"

"ఎందుకేమిటి! ఆ పిల్ల పెద్ద చదువు చదివొచ్చింది. ఒళ్ళు బరువైనవాళ్ళకు పని బరువవుతుందని ఏ పుస్తకంలోనో చదివుంటుంది."

లాండ్రీలో బట్టలు ఆరడానికి టైము పడుతుందేమో గానీ మాట పాకడానికి పట్టదు. మర్నాడు పొద్దున మేనకోడలు వచ్చేసరికి, మాసిన బట్టల మూటలు తూచే కాటా ముందు సిబ్బంది మొత్తం చెప్పులు విప్పి వరసలో నిలబడి ఉంది. మరకలు తీసే మరకల పిన్ని గాజులూ చెవికమ్మలూ ఇంట్లో పెట్టి బోసిగా వచ్చింది. ఆరబెట్టే గది చూసుకునే ఎండ తాత జేబులోంచి తాళాలగుత్తి, కళ్ళజోడు, సగం తిన్న బిస్కెట్టు తీసి కిటికీలో పెట్టాడు. వ్యాను నడిపే కుర్రాడు కాని కుర్రాడు, అందరూ హారన్ అని పిలిచేవాడు, పొద్దున టీ కూడా మానేసి మొహం వేలాడేసుకున్నాడు. ఉతుకుడు పెద్ద నురగ మాత్రం కాటా ఎక్కి ఒంటికాలి మీద నిలబడి, "ఇట్లా అయితే సగమే తూగుతానేమో చూడు బావా!" అంటున్నాడు.

"ఏమిటిది?" అంది మేనకోడలు.

"మీరే కదమ్మా తూస్తామన్నారు," అన్నాడు మావయ్య.

సంగతి తెలిశాక ఆ అమ్మాయి నవ్వు ఆపుకోవడానికి ఆఫీసులోకి పోయి నీళ్ళు తాగి వచ్చింది. "మీ బరువు నాకెందుకండీ! మేస్త్రీని ఎన్నుకునేటప్పుడు మీ పనిలో ఏ గుణానికి ఎంత బరువివ్వాలో తేలుద్దామన్నాను. పనితనం గొప్పదా, వేగం గొప్పదా, అట్లాగన్నమాట."

అందరూ మావయ్య వైపు తిరిగారు. అన్ని చూపులు ఒక్కసారి పడేసరికి ఆయన మొహానికి ఇస్త్రీ చెదిరింది.

"బావా, నీ చెవులకు కాస్త గంజి పెట్టించు, నిలబడి వింటాయి," అన్నాడు నురగ కాటా దిగుతూ. పిన్ని మాత్రం గాజులు తెచ్చుకోవడానికి మళ్ళీ ఇంటిదాకా పోవాల్సి వచ్చిందని రోజంతా గొణిగింది.

తూకమన్న మాటకు మావయ్య అంత ఉలిక్కిపడటానికి కారణం ఉంది. ఆ లాండ్రీలో పాత మేస్త్రీ పని మానుకున్నాడు. ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. మామూలు చెక్క కుర్చీ, ఒక చెయ్యి కాస్త ఊగుతుంది. కానీ ఆ కుర్చీ మీద మావయ్య కళ్ళు పడ్డట్టు ఇంకెవరి కళ్ళూ పడలేదు, ఎందుకంటే ఇంకెవరి మోకాళ్ళూ అట్లా లేవు. ఇస్త్రీ నిలబడి చేసే పని. బల్ల ఎత్తు, పెట్టె బరువు, ఒంటి బరువంతా చేతిమీదికి తెచ్చి నొక్కితే గానీ ముడత లొంగదు. ఎన్నో ఏళ్ళుగా ఇతరుల ముడతలు తీసిన మనిషికి మోకాళ్ళలో పీట ముడి పడింది. డాక్టరు చూసి, "ఇక రోజంతా నిలబడే పని వద్దు. కూర్చునే పని దొరికితే చెయ్యండి, లేకపోతే మానెయ్యండి," అని తేల్చేశాడు. లాండ్రీలో కూర్చుని చేసే కౌంటరుకూ వ్యానుకూ మనుషులున్నారు, ఖాళీగా ఉన్నది ఒక్క మేస్త్రీ పనే. ఈ మోకాళ్ళ సంగతి తనకూ తన భార్యకూ తప్ప మూడోమనిషికి తెలియదనే మావయ్య నమ్మకం. కాలం కలిసిరాకపోతే ఎవరైనా ఓర్చుకుంటారు, ఆయనకు కాలే కలిసిరాలేదు. ఇస్త్రీ నుంచి మేస్త్రీ కాలేకపోతే ఇంటికి పోవడమే మిగిలింది.

పోటీకి నిలబడ్డ రెండో మనిషి ఎవరో కాదు, నురగే. మావయ్యకు స్వయానా భార్య తమ్ముడు. ఇద్దరూ ఒకే ఇంట్లో, కింద బావ, పైన బావమరిది. మాట మొదలెడితే పొంగుతాడు కాబట్టి నురగ. ఏ విషయమైనా చివరికి మడత పేచీ పెట్టి గానీ వదలడు కాబట్టి ఆయన మడత మావయ్య. బట్టలు మడత పెట్టడంలోనూ ఆయనకు ఆయనే సాటి. చొక్కా కాలరు ఆయన చేతిలోంచి వచ్చిందంటే దాన్ని తొడుక్కున్నవాడు నాలుగు రోజులు మెడ తిప్పడానికి జంకుతాడు. కాకపోతే నెమ్మది. నురగది మెరుపు వేగం. యంత్రంలో బట్టలు పడేసిన చేత్తోనే తీసేస్తాడు. మొత్తం పని అయిపోతుంది, అప్పుడప్పుడు బొత్తాం కూడా పోతుంది.

వీళ్ళిద్దరికీ ఒక్కో గుణానికి ఎన్ని మార్కులో యజమానురాలు, ఖాతాదారులు కలిసి ముందే వేసేశారు. పనితనంలో మావయ్య పైన, వేగంలో నురగ పైన, మిగిలిన మూడింట్లో ఇద్దరూ సరిసమానం. ఇక తేలాల్సింది ఏ గుణానికి ఎంత బరువన్నదే. పనితనానికి బరువెక్కువైతే కుర్చీ మావయ్యది, వేగానికైతే నురగది. ఆ బరువు యజమానురాలు ఒక్కతే నిర్ణయిస్తే పక్షపాతమంటారని, సిబ్బంది ఆరుగురూ కలిసి తేల్చాలన్నది మేనకోడలు తెచ్చిన పద్ధతి.

ఆమె ఆరు కాగితం ముక్కలు పంచింది. "అయిదు గుణాలు చదువుతాను, రాసుకోండి. పనితనం, తోటివాళ్ళకు సాయం, హాజరు, ఖాతాదారులతో మాటతీరు, వేగం. ఎంత ముఖ్యమో దాన్నిబట్టి ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు దాకా ఒక అంకె వెయ్యండి. వేసిన అంకె మళ్ళీ వెయ్యొద్దు, పేరు రాయొద్దు. దేనికి ఏ అంకె వేశారో ఎవరితోనూ అనొద్దు. అన్నారని తెలిస్తే వాళ్ళ పేరు పోటీలోంచి తీసేస్తాను. ఎవరి ప్రభావమూ ఎవరి మీదా పడకూడదు కదా, అందుకని."

అంతా చెప్పింది. ఏ అంకె గొప్పదో మాత్రం చెప్పలేదు. చెప్పాలని ఆమెకు తోచలేదు, అడగాలని వీళ్ళకు తోచలేదు. ఏ అంకె గొప్పదో తెలియని మనిషి ఆ లాండ్రీలో లేడు మరి. చిక్కల్లా ఏమిటంటే, వాళ్ళకు తెలిసింది రెండు రకాలుగా తెలుసు.

ఆ లాండ్రీకి నడిమధ్య ఒక గోడ ఉంది. గోడకు అటు తడి వైపు: ఉతికే యంత్రాలు, మరకలు తీసే రాతిబల్ల, ఆరబెట్టే గది. ఇటు పొడి వైపు: ఇస్త్రీ బల్లలు, కౌంటరు, బయట సందులో వ్యాను. గోడ మధ్య ఒక గుమ్మం, దాని పక్కన కిటికీ. కిటికీలోంచి బట్టల బుట్టలు ఇటూ అటూ పోతుంటాయి, వాటితోపాటు తిట్లు కూడా. పొడి వైపు వాళ్ళు మూటకు చీటీ కడతారు. ఒకటి అని ఉంటే అన్నిటికంటే ముందు పంపాల్సిన మూట, అయిదంటే ఎప్పుడు పంపినా ఫరవాలేదు. తడి వైపు వాళ్ళు బుట్ట మీద సుద్దముక్కతో రాస్తారు. అయిదంటే పరమ మురికి, అందరూ దాని మీదే పడాలి. ఒకటంటే నీళ్ళలో జాడిస్తే చాలు. గోడకు ఇటు ఒకటి మహారాజు, అటు అయిదు చక్రవర్తి. బుట్ట కిటికీ దాటేముందు చీటీ విప్పేస్తారు, సుద్ద తుడిచేస్తారు కాబట్టి రాజుకూ చక్రవర్తికీ ఇన్నేళ్ళలో ఎన్నడూ యుద్ధం రాలేదు.

మావయ్య కాగితాన్ని అరచేత్తో కప్పుకుని, పనితనానికి ఒకటి వేశాడు. గుండె కాస్త కుదుటపడింది. సాయానికి రెండు, హాజరుకు మూడు, మాటతీరుకు నాలుగు వేసి, వేగానికి అయిదు వేసి కాగితాన్ని మడిచాడు. ఆయన మడిచిన కాగితం విప్పడానికే మేనకోడలికి కొంతసేపు పట్టింది.

ఆరు కాగితాలూ పరిచి, అంకెలు కూర్చి చూస్తే కుర్చీ సంగతి తేలుతుందనుకుంది ఆ అమ్మాయి. పనితనానికి మొత్తం పద్దెనిమిది వచ్చింది. సాయానికి పద్దెనిమిది. హాజరుకూ పద్దెనిమిదే. మాటతీరూ, వేగమూ కూడా అక్కడే ఆగాయి. ఆమె రెండోసారి కూడింది. తర్వాత కాగితాలను అటుదిటు ఇటుదటు తిప్పి కూడింది.

"అన్నిటికీ ఒకే బరువొచ్చింది, ఇక ఇద్దరూ సమానమే," అంది చివరికి. "అంతకంటే విచిత్రం, ముగ్గురు పనితనాన్ని నెత్తిన పెట్టుకున్నారు, ముగ్గురు తీసుకెళ్ళి అడుక్కి తోశారు. సరిగ్గా చీలిపోయారు మీరు!"

ఆ మాటతో గోడ లేచి నిలబడ్డట్టయింది. మావయ్య, కౌంటరు చెల్లి, హారన్ ఒకవైపు. నురగ, పిన్ని, తాత ఇంకోవైపు.

"పనితనాన్ని అడుక్కి తోసిందెవరో చెప్పక్కర్లేదు," అన్నాడు మావయ్య. "బొత్తాలు పీకేవాళ్ళకు పనితనమెందుకు?"

"ఏంటి బావా, మమ్మల్నేనా? తోసింది మీ వైపే! మా వైపు ఎంత నిజాయితీగా వేశామో ఆ దేవుడికి తెలుసు!"

"దేవుడిదాకా ఎందుకురా, నాకు తెలుసు. మీ ముగ్గురి మొహాలూ చూశాను."

"మా మొహాలకేమైంది? శుభ్రంగా ఉన్నాయి. రోజూ సబ్బునీళ్ళల్లోనే కదా ఉండేది!"

"మాకు మరకంటించకండి," అంది పిన్ని. "మరకలు తీయడం నా పని, పడటం కాదు."

"ఉతికి ఆరేస్తున్నావు పిన్నీ," అంది కౌంటరు చెల్లి.

"ఆరేసేది నేను," అన్నాడు తాత. ఆయనకు తన శాఖలో ఎవరు వేలు పెట్టినా నచ్చదు.

గోల విని యజమానురాలు లోపల్నుంచి వచ్చింది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. సంగతంతా విని, "మీలో మీకే పొత్తు కుదరకపోతే మీ మీద మేస్త్రీగా మీలో ఒకణ్ణి ఎట్లా కూర్చోబెట్టను?" అంది. "రేపు ఇంకొక్కసారి వెయ్యండి. మళ్ళీ ఇట్లాగే వచ్చిందా, బయటినుంచి మేస్త్రీని తెస్తాను. నాకు తెలిసినవాడు ఒకడున్నాడు, రమ్మంటే ఇప్పుడే వస్తాడు."

మావయ్య ఆశ పొయ్యి మీద నీటిచుక్కలాగా చుయ్యిమంది. బయటివాడు వస్తే కుర్చీ నురగకు కూడా దక్కదు, అదొక్కటే కాస్త ఊరట. ఆ ఊరట కలిగినందుకు మళ్ళీ తనమీద తనకే చిరాకేసింది.

మేనకోడలు మాత్రం ధైర్యం చెప్పింది. "ఈ పద్ధతిలో ఇది మామూలే. మొదటిసారి ఫలితం చూశారు కదా. ఇంటికెళ్ళి ఎదుటివాళ్ళ వైపు నుంచి ఒక్కసారి ఆలోచించి రండి. రెండోసారికి దగ్గరపడతారు."

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నారు బావా బావమరుదులు. మామూలుగా అయితే పళ్ళెంలో ముద్ద చల్లారేదాకా వాదించుకునేవాళ్ళు, ఆ రోజు నోరు విప్పితే నమలడానికే.

"ఏమైంది మీ ఇద్దరికీ? నాలుకలు గానీ ఉతుక్కి వేసొచ్చారా?" అంది మావయ్య భార్య.

"మీ ఆయన్ని అడుగక్కా."

"మీ తమ్ముణ్ణి అడుగు."

"నేను ఇద్దర్నీ అడగట్లేదు. నీళ్ళు కావాలంటే చెప్పండి," అని ఆవిడ వంటింట్లోకి పోయింది.

మావయ్య పళ్ళెం పట్టుకుని వెనకే వెళ్ళాడు. కుళాయి దగ్గర నిలబడి, జరిగిందంతా గుసగుసగా చెప్పాడు. మోకాళ్ళ నొప్పి, మనసు నొప్పి కలిసి గొంతులోకి వచ్చాయి. "నీ తమ్ముడే. పనితనం మీద పగబట్టి కింద పడేశాడు. ఇక నా పని అయిపోయినట్టే. రేపో మాపో ఇస్త్రీ పెట్టె దించేసి ఇంట్లో కూర్చుంటాను, నువ్వు చూస్తూ కూర్చో."

"వాడా? వాడికి పగబట్టేంత ఓపిక ఎక్కడిదండీ, పాలు కాగేదాకా నిలబడలేడు." ఆవిడ గిన్నె కడగడం ఆపింది. "దేనికెంత వేశారో చెప్పొద్దులెండి, రూలుందన్నారుగా. ఒక్కటి చెప్పండి. అన్నిటికంటే గొప్పదానికి ఏ అంకె వేశారు?"

"ఏ అంకేమిటి? ఒకటి! మొదటిదానికి ఒకటి కాక ఇంకేం వేస్తారు?"

ఆవిడ గ్లాసులో నీళ్ళు పట్టుకుని, వాకిట్లో చెయ్యి కడుక్కుంటున్న తమ్ముడి దగ్గరికి వెళ్ళింది. ఇద్దరి గుసగుసలు మావయ్యకు వినబడ్డాయి గానీ మాటలు తెలియలేదు. తమ్ముడికి నాలుగు తగిలిస్తోంది కాబోలు, మంచిదే అనుకున్నాడు.

తిరిగొచ్చి ఆవిడ, "వినండి," అంది. "తడి వైపు వాళ్ళకు అయిదు గొప్ప, మీకు ఒకటి గొప్ప. అంతే తేడా. రేపు మీరు వాళ్ళ లెక్క ప్రకారం వెయ్యండి. గొప్పదానికి అయిదు వేసి, అక్కణ్ణుంచి కిందికి రండి. మీ వైపు వాళ్ళకూ చెప్పండి. నేను చెప్పానని మాత్రం ఎవరితోనూ అనకండి, ముఖ్యంగా వాడితో. అన్నారంటే ఆ అమ్మాయి ఇద్దరి పేర్లూ కొట్టేస్తుంది."

మావయ్య కళ్ళముందు బుట్టల మీద సుద్ద అయిదులు బారులు తీరాయి. "అంటే వాడు పనితనాన్ని కిందికి తొయ్యలేదంటావా?"

"ఏమో, అది నేనడగలేదు. అంకె అడిగాను అంతే. మీ ఇద్దరి పేచీలో నాకు అంతకంటే జొరబడే ఓపిక లేదు. గొప్పదానికి అందరూ ఒకే అంకె వేస్తే, ఎవరి మనసులో ఏముందో అదే బయటపడుతుంది. ఈ ఒక్కసారికి మడత పేచీ పెట్టకుండా చెప్పింది చెయ్యండి."

"చేస్తానే తల్లీ."

ఆవిడ ఆయన వైపు నమ్మకం లేని చూపు చూసింది. పెళ్ళయిన నాటినుంచి ఆయన "చేస్తాను" అన్నది చేసింది తక్కువ.

మావయ్య ఈసారి చేశాడు. మర్నాడు పొద్దున వ్యాను పక్కకు కౌంటరు చెల్లినీ హారన్‌నూ పిలిచి, "ఇవాళ గొప్పదానికి అయిదు, పనికిమాలినదానికి ఒకటి. మిగతాది మీ ఇష్టం," అన్నాడు.

"తిరగేసి రాయాలా? ఎందుకు మావయ్యా?" అంది చెల్లి.

"మేడమ్ చెప్పలేదూ, ఎదుటివాళ్ళ వైపు నుంచి ఆలోచించమని? ఆలోచించాను."

హారన్ మాటలు దండగ చెయ్యడు. వ్యానులోకి చెయ్యి పెట్టి ఒక్కసారి బొయ్యిమనిపించాడు. సరే అని అర్థం.

కాగితాలు మళ్ళీ పంచారు. పొడి వైపు ముగ్గురూ నాలుకలు బయటపెట్టి జాగ్రత్తగా అంకెలు తిరగేస్తున్నారు. మావయ్య ఓరకంట అటు చూస్తే, తడి వైపు వాళ్ళు కూడా ఎందుకో తెగ శ్రమపడుతున్నారు. తాత వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటున్నాడు. నురగ నుదురు చిట్లించి రాస్తున్నాడు. అంత నెమ్మదిగా అతను ఏ పనీ చెయ్యగా మావయ్య చూడలేదు.

మేనకోడలు కాగితాలు విప్పింది. కూడింది. కలం కింద పెట్టేసింది.

"మళ్ళీ అన్నీ పద్దెనిమిదే," అంది ఏడుపు గొంతుతో. "మళ్ళీ ముగ్గురు పనితనాన్ని పైకెత్తారు, ముగ్గురు కిందపడేశారు. అత్తయ్యా, నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇట్లాంటి మనుషులు లేరు."

"పుస్తకాల్లో ఉండరమ్మా, నా దగ్గరే ఉంటారు," అంది యజమానురాలు. "హారన్, పోయి వ్యాను స్టార్టు చెయ్యి. ఎక్కడికెళ్ళాలో ఇప్పుడే చెబుతాను. ఆ బయటి మేస్త్రీని ఎక్కించుకు రావాలి." ఫోను చేతిలోకి తీసుకుంది.

మావయ్య బల్ల పట్టుకున్నాడు. అయితే నురగ నిజంగానే పనితనాన్ని తొక్కేశాడన్నమాట! ఈసారి లెక్క కూడా కలిపాం కదా, ఇక సాకేముంది? బావమరిది వైపు చూశాడు. నురగ కూడా ఆయన్ని అట్లాగే చూస్తున్నాడు, నమ్మినవాడు నట్టేట ముంచినట్టు. నురగంతా చచ్చి అడుగున నీళ్ళు మిగిలినట్టున్నాడు.

"బావా," అన్నాడు నెమ్మదిగా, "నీ కుర్చీ కోసం నువ్వు ఏమైనా చేస్తావనుకున్నా గానీ, నీ పనితనాన్నే నువ్వు..."

"నేనా! ఒరేయ్, నన్నంటావా?"

సందులోంచి వ్యాను మోత వినిపిస్తోంది. సరిగ్గా అప్పుడే మావయ్య భార్య మధ్యాహ్నం భోజనం క్యారియరుతో లోపలికి వచ్చింది. ఇద్దరి మొహాలూ చూసి, "తేలలేదా?" అంది. మళ్ళీ చీలిపోయారని మేనకోడలు చెప్పింది.

ఆవిడ క్యారియరు బల్ల మీద పెట్టింది. మొగుణ్ణి చూసింది. తమ్ముణ్ణి చూసింది. "మీరు నేను చెప్పినట్టు వేశారా?" అంది మొగుడితో.

మావయ్య గతుక్కుమన్నాడు. "వేశాను. అందరిచేతా వేయించాను. ఇప్పుడెందుకది?"

"నువ్వు?"

"నేనూ నువ్వు చెప్పినట్టే అక్కా. పిన్నిచేతా తాతచేతా కూడా వేయించా," అన్నాడు నురగ.

ఆవిడ గోడకు ఆనుకుని నవ్వడం మొదలుపెట్టింది. ముందు చిన్నగా, తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని, ఆ తర్వాత కొంగుకు కూడా ఆగకుండా. యజమానురాలు ఫోను చెవి దగ్గరినుంచి దించింది. "ఏమమ్మా, ఇక్కడ నాకు మేస్త్రీ లేక చస్తుంటే నవ్వులా?"

"తప్పు నాదేనండీ," అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. "మీ పొడి వైపు ఒకటి గొప్ప, తడి వైపు అయిదు గొప్ప. మొదటిరోజు ఎవరి లెక్కలో వాళ్ళు వేశారు. రాత్రి నాకు అర్థమైంది. ఈయనతో, మీరు అయిదు వైపు రండి అన్నాను. వాడితో, నువ్వు ఒకటి వైపు రా అన్నాను. ఎవరో ఒకరు వింటే చాలని ఇద్దరికీ చెప్పా. వీళ్ళిద్దరూ నా మాట ఒకేసారి వింటారని నేను కలగన్నానా! పెళ్ళయ్యాక ఈయన, పుట్టాక వీడు, ఇవాళే మొదటిసారి విన్నారు!"

అందరూ ఒకేసారి మాట్లాడారు.

"అంటే ఆయన అయిదంటే నా ఒకటి..." "నిన్నటి నా ఒకటి ఇవాళ్టి మీ..." "మరి నేనేసిన మూడు?" అన్నాడు తాత. "మూడు మూడే తాతా, అది నడిమధ్యది, ఎటు తిప్పినా అదే," అంది పిన్ని.

మేనకోడలు పరుగున కాగితాల దగ్గరికెళ్ళింది. సగం కాగితాలను తిరగేసి చదివింది. నిన్నటివి చూసింది, ఇవాళ్టివి చూసింది. ఆమె మొహం మెల్లగా విచ్చుకుంది. "అత్తయ్యా, వీళ్ళు చీలిపోలేదు! ఆరుగురూ ఒకటే వేశారు. మొదట పనితనం, తర్వాత సాయం, హాజరు, మాటతీరు, చిట్టచివర వేగం. రెండుసార్లూ ఒక్క మెట్టు తేడా లేకుండా! నేనే, ఏ అంకె గొప్పదో ముందు చెప్పలేదు."

"ఇన్నేళ్ళూ నా చెవులు తూట్లు పడేట్టు పోట్లాడుకుంది ఒకే మాట మీద ఉండా!" అంది యజమానురాలు.

మావయ్యకు కుర్చీ సంగతి అప్పటికింకా తట్టలేదు. ఆయన ఇంకో మాట దగ్గర ఆగిపోయాడు. చిట్టచివర వేగం. ఆరుగురూ. "ఏరా బామ్మర్దీ," అన్నాడు. "నీ వేగాన్ని నువ్వే అడుక్కి తోసుకున్నావా?"

నురగ తల గోక్కున్నాడు. "మరేం చెయ్యను బావా. ఆలోచించి వెయ్యమంది మేడమ్. ఆలోచిస్తే నేను పీకిన బొత్తాలన్నీ కళ్ళముందుకొచ్చాయి. వాటిని రోజూ పిన్ని కుడుతోంది. వేగంగా పాడుచెయ్యడం ఒక గొప్పా?"

"ఆ మాట ఇన్నాళ్ళూ నాతో అన్లేదేం?"

"నీతో అంటే దాన్నీ మడతపెడతావుగా!"

"అయితే నువ్వేసింది నా మీద జాలితో..." అని మావయ్య అంటుండగానే నురగ అడ్డుపడ్డాడు.

"నీ మోకాళ్ళ కోసం కాదు. ఆ సంగతి నాకు తెలియదనుకున్నావా? పైన గదిలో పడుకుంటే కింద నువ్వు లేచేటప్పుడు 'అబ్బా' అనేది నాకు రోజూ వినబడుతుంది. అయినా దానికోసం వెయ్యలేదు. నిజమనిపించింది వేశా. నువ్వూ అంతేగా?"

మావయ్య బావమరిది చొక్కా జేబు మీది ముడతను బొటనవేలితో సాఫీ చేశాడు.

"ఆగండాగండి," అంది కౌంటరు చెల్లి. "వేసింది బయటపెడితే పేరు కొట్టేస్తామన్నారు కదా మేడమ్? ఇప్పుడు అందరిదీ బయటపడింది!"

మేనకోడలు అత్త వైపు చూసింది. యజమానురాలు చెయ్యి విదిలించింది. "కాగితాలు చదివింది నువ్వు. అంకెల గుట్టు విప్పింది ఈవిడ. ఈవిడ నా దగ్గర పని చెయ్యదు, ఈవిడ పేరు నేనెక్కడినుంచి కొట్టెయ్యను? ఇక మార్కులు లెక్కచెయ్యమ్మా, నా యంత్రాలు ఖాళీగా తిరుగుతున్నాయి."

మేనకోడలు లెక్కచేసింది. పనితనం తూగింది, వేగం తేలింది, కుర్చీ మావయ్య ముందుకొచ్చింది. నురగే దాన్ని లాక్కొచ్చి, ఊగే చెయ్యి గోడవైపు ఉండేట్టు, గోడ మధ్య గుమ్మంలో వేశాడు. అక్కడినుంచి తడి వైపూ కనిపిస్తుంది, పొడి వైపూ కనిపిస్తుంది.

మావయ్య నెమ్మదిగా, రెండు మోకాళ్ళకూ విడివిడిగా నచ్చజెప్పి కూర్చున్నాడు. భార్య క్యారియరు విప్పుతున్నట్టు నటిస్తూ అటు తిరిగింది.

"మేస్త్రీగారి మొదటి ఆర్డరేమిటో!" అంది పిన్ని.

"ఇవాళ్టి నుంచి రెండువైపులా ఒకే లెక్క," అన్నాడు మావయ్య. "అయిదు గొప్ప. చీటీలైనా సుద్దైనా సరే, అయిదుంటే ముందు దాని పని చూడాలి."

"అదేంటి మావయ్యా!" అని కౌంటరు చెల్లి లేచింది. "మన ఒకటి ఏమైపోవాలి? వాళ్ళ అయిదుకు మనం లొంగడమేంటి?"

"ఇక్కడ కూర్చుని చూడమ్మా తెలుస్తుంది. ఒక కంటికి ఒకటి గొప్పగా, ఒక కంటికి అయిదు గొప్పగా కనిపిస్తే నాకు మెల్లకన్నొస్తుంది. ఏదో ఒకటి ఉండాలి."

"'ఏదో ఒకటి' అన్నావు బావా, మళ్ళీ ఒకటే!" అని నురగ పొంగాడు. పోయిన పొంగంతా తిరిగొచ్చింది.

సందులోంచి హారన్ మోగింది. ఆగి మళ్ళీ మోగింది. వ్యాను స్టార్టు చేసి, బయటి మేస్త్రీ అడ్రసు కోసం అతను అప్పటినుంచీ అక్కడే కూర్చుని ఉన్నాడని అప్పుడు గుర్తొచ్చింది అందరికీ.

"ఒరేయ్, వాడికి ఎవరైనా చెప్పండిరా!" అన్నాడు మావయ్య, లేవకుండా.

నురగ పరిగెత్తాడు. అతని గొంతు సందులోంచి లోపలిదాకా వినబడింది. "ఎవర్నీ తేనక్కర్లేదు! నిన్న నువ్వేసిన ఒకటి మా అయిదట! ఇవాళ మేమేసిన ఒకటి మీ అయిదట! రెండుసార్లూ అందరం ఒకటే వేశామట! కాదు, ఒకటి కాదు, ఒకటే! అర్థమైందా? బావే మేస్త్రీ! ఇకనుంచి అయిదే గొప్ప!"

ఇంజను ఆగింది. తర్వాత హారన్ మోగడం మొదలైంది. మావయ్య కుర్చీలో వెనక్కి వాలి, వేళ్ళ మీద లెక్కపెట్టాడు.

సరిగ్గా అయిదు.